కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు (సీఎస్‌పీ): ఆ 180 గంటలు ఊళ్లో నిజంగా ఎలా చేయాలి

డిగ్రీ ఫస్టియర్ పరీక్షలు అయ్యీ అవకముందే కాలేజీ వాట్సాప్ గ్రూపుల్లో ఒకే మెసేజ్ తిరుగుతుంది, "సీఎస్‌పీ రిపోర్టు ఎవరి దగ్గరన్నా ఉంటే పీడీఎఫ్ పెట్టండి బ్రో" అని. ఎవరో ఒకరు పెడతారు. ఊరి పేరు, మన పేరు, హాల్‌టికెట్ నంబరు మార్చి స్పైరల్ బైండింగ్ చేయిస్తే మార్కులు కూడా వచ్చేస్తాయేమో. కానీ ఒక్క గడపా తొక్కకుండా "ఈ గ్రామంలో ఇంత శాతం మందికి మరుగుదొడ్లు లేవు" అని రాసి కింద సంతకం పెట్టడమంటే ఆ ఊరివాళ్ల గురించి అబద్ధం చెప్పడమే, దాన్ని వేరే ఏ మాటతోనూ సర్దుకోలేం. నేను డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను, ఈ ప్రాజెక్టుకి మెంటర్‌గా కూడా ఉంటాను. నిజంగా చేయాలని ఉండి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ పడుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను.

అసలు ఇదేంటో ముందు చెప్పేస్తాను. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్యామండలి 2020-21లో డిగ్రీ సిలబస్ మార్చినప్పుడు చదువు పూర్తయ్యేలోపు మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసింది. అందులో మొదటిదే మొదటి సంవత్సరం తర్వాత వేసవి సెలవుల్లో చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. కనీసం 180 గంటలు పని చేయాలి, లాగ్‌బుక్ రాయాలి, రిపోర్టు ఇవ్వాలి, కాలేజీలోనే వైవా ఉంటుంది, ఆ మార్కులు గ్రేడ్ మెమోలో పడతాయి. మీ యూనివర్సిటీ, మీ బ్యాచ్‌కి సంబంధించిన ఉత్తర్వు ప్రింట్ తీసుకుని గంటలు, మార్కులు, గడువు దాంట్లోనే చూసుకోండి. సీనియర్లు చెప్పింది వాళ్ల బ్యాచ్‌కి సరిపోయిన లెక్క.

ఎన్ఎస్ఎస్‌లో ఉన్నవాళ్లు ఒక విషయం గమనించాలి. ఎన్ఎస్ఎస్ 1969 నుంచి ఉంది, దాని గంటలు వేరు, ఏడు రోజుల స్పెషల్ క్యాంపు వేరు. ఈ ప్రాజెక్టు ఎన్ఎస్ఎస్, ఎన్‌సీసీ, రెడ్ రిబ్బన్ క్లబ్ లాంటివాటి మామూలు కార్యక్రమాలకంటే భిన్నంగా ఉండాలని మార్గదర్శకాల్లోనే ఉంది. క్యాంపులో మొక్కలు నాటిన ఫొటోలు తెచ్చి ఇందులో అతికిస్తే కుదరదు.

ఊరు ఎంచుకోవడం దగ్గర ఎక్కువ ఆలోచించకండి. పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికి రాగలిగే ఊరో, మున్సిపల్ వార్డో అయితే చాలు. సొంత ఊరైతే ఇంకా మంచిదే గానీ ఒక ఇబ్బంది ఉంది. సొంత ఊళ్లో మనకు తెలిసిన వీధి, మన బంధువులు, మన కులం వాళ్ల ఇళ్లు దాటి కాలు బయటికి పోదు. ఊరికి ఆ చివరన ఉన్న ఎస్సీ కాలనీ, చెరువు గట్టు మీద గుడిసెలు, వలస వచ్చి ఇటుక బట్టీ దగ్గర ఉంటున్న కుటుంబాలు, వీళ్లెవరూ సర్వేలో ఉండరు. అలా వచ్చిన లెక్క ఊరి లెక్క అవ్వదు. అందుకని మొదటి రోజు ప్రశ్నలేవీ అడక్కుండా ఊరంతా నడవండి. కాగితం మీద వీధులు గీసుకోండి, ఇళ్లు లెక్కపెట్టండి, బోర్లు, ట్యాంకు, అంగన్‌వాడీ, బడి, రేషన్ షాపు, పాల కేంద్రం ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకోండి. తర్వాత ప్రతి వీధిలోనూ ఒక చివర నుంచి ప్రతి ఐదో ఇంటికి వెళ్తామని రూల్ పెట్టుకోండి. ఊరు చిన్నదైతే ప్రతి మూడో ఇల్లు. తలుపు తాళం వేసి ఉంటే ఇంకోరోజు మళ్లీ వెళ్లాలే తప్ప, "పక్కింటి అక్క బాగా మాట్లాడుతుంది కదా" అని అక్కడికి పోకూడదు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది: మీ ప్రశ్న. నా దగ్గరికి వచ్చే టైటిల్స్‌లో ఎక్కువ భాగం "గ్రామీణ ప్రజల సామాజిక ఆర్థిక స్థితిగతులు, ఒక అధ్యయనం" అనే ఉంటాయి. ఇది పీహెచ్‌డీకి కూడా ఎక్కువే. సాధారణ సర్వే ఎలాగూ మొదటి వారంలో చేస్తారు, కుటుంబంలో ఎంతమంది, ఏం పని, ఏం చదువు అన్నంత వరకు. దాని మీద మీ సబ్జెక్టుకి తగ్గ చిన్న ప్రశ్న ఒకటి, మీరు ఊరు వదిలేలోపు జవాబు దొరికే ప్రశ్న ఒకటి పట్టుకోండి. ఎలాంటివో చెబుతాను.

బీకాం వాళ్లకి నేను ఎప్పుడూ చెప్పేది పాస్‌బుక్కుల పని. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాకి ఏడాదికి 436 రూపాయలు, సురక్షా బీమాకి 20 రూపాయలు బ్యాంకు ఖాతా నుంచి వాటంతటవే కట్ అవుతాయి. మొదటిది 18 నుంచి 50 ఏళ్లలోపు చేరినవాళ్లకి, ఏ కారణంతో చనిపోయినా రెండు లక్షలు. రెండోది 18 నుంచి 70 ఏళ్లవాళ్లకి, ప్రమాదంలో చనిపోతే రెండు లక్షలు. ఎప్పుడో జన్‌ధన్ ఖాతా తెరిచినప్పుడు ఫారం మీద సంతకం పెట్టించుకుని ఉంటారు, డబ్బులు కట్ అవుతున్న సంగతే ఇంట్లో తెలియదు, ఆ మనిషి చనిపోయాక నామినీ క్లెయిమ్ చేయొచ్చన్న సంగతి అసలే తెలియదు. మీరు ఇంటింటికీ వెళ్లి పాస్‌బుక్కు ఎంట్రీ వేయించుకున్నారా, అందులో 436 గానీ 20 గానీ కనిపిస్తోందా, నామినీ ఎవరో తెలుసా, గత కొద్ది కాలంలో ఇంట్లో ఎవరైనా పోయారా, పోతే క్లెయిమ్ పెట్టారా అని అడిగితే చాలు, అది పూర్తి ప్రాజెక్టు. ఇంకో సంగతి, ఈ బీమా సంవత్సరం జూన్ 1న మొదలవుతుంది, డబ్బులు మే నెలాఖరులో కట్ అవుతాయి. మీరు ఊళ్లో తిరిగే రోజులు సరిగ్గా అవే. ఖాతాలో 456 రూపాయలు ఉంచుకోమని ఒక్క ముక్క సమయానికి చెప్పగలిగితే పాలసీ ఆగిపోకుండా ఉంటుంది. కొత్తగా చేరేవాళ్లకి జీవన్ జ్యోతిలో మొదటి 30 రోజులు ప్రమాద మరణం తప్ప మిగతావి వర్తించవని కూడా చెప్పండి, లేకపోతే రేపు మాట మీ మీదికి వస్తుంది.

కెమిస్ట్రీ వాళ్లకి నీళ్లు. కనిగిరి, పొదిలి, దర్శి వైపు పిల్లలకి ఫ్లోరైడ్ గురించి నేను చెప్పక్కర్లేదు, ఆ ప్రాంతంలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) ఉందని 1937లోనే వైద్య పత్రికల్లో రాశారు, అప్పటికది నెల్లూరు జిల్లా. తాగునీటికి మన దేశ ప్రమాణం ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీటి వసతి లేని చోట 1.5 వరకు. చాలామంది పిల్లలు టీడీఎస్ మీటరు కొనుక్కుని వెళ్లి, అంకె తక్కువ వస్తే నీళ్లు మంచివని రాసేస్తారు. టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు, బ్యాక్టీరియా ఉందో లేదో అసలు చెప్పదు. నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతో మాత్రమే చెబుతుంది. కాబట్టి గ్రామీణ నీటి సరఫరా విభాగం వాళ్ల ల్యాబ్‌కి శాంపిల్ పంపడమో, పంచాయతీ దగ్గర ఫీల్డ్ టెస్ట్ కిట్ ఉంటే వాళ్లతో కలిసి పరీక్షించడమో చేయండి.

ల్యాబ్ దాకా వెళ్లలేకపోయినా నీటి మీద మంచి ప్రాజెక్టు చేయొచ్చు. ఇంటింటికీ కుళాయి నీళ్లివ్వాలన్న జల్ జీవన్ మిషన్ పథకం లెక్క ప్రకారం మనిషికి రోజుకి 55 లీటర్లు కుళాయి ద్వారా అందాలి. మీరు 20 లీటర్ల క్యాను, ఫోన్‌లో స్టాప్‌వాచ్ తీసుకుని వెళ్లండి. కుళాయి కింద పెట్టి నిండడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. రెండు నిమిషాలు పడితే నిమిషానికి 10 లీటర్లు, రోజుకి అరగంట నీళ్లొస్తే 300 లీటర్లు, నలుగురున్న ఇంటికి కావాల్సింది 220. సరిపోతోంది. అదే ట్యాంకుకి దూరంగా, ఎత్తు మీద ఉన్న వీధిలో కొలిస్తే నాలుగు నిమిషాలు పట్టొచ్చు, అంటే 150 లీటర్లు, చాలదు. ఒకే ఊరు, ఒకే పైపు, రెండు వీధులకి ఇంత తేడా ఉందని అంకెల్లో చూపిస్తే గ్రామ సచివాలయంలో ఉండే ఇంజనీరింగ్ అసిస్టెంటు దగ్గర మాట్లాడటానికి మీకో ఆధారం ఉంటుంది. దాంతోపాటు ఒక్కో ఇల్లు తాగే క్యాను నీళ్లకి నెలకి ఎంత పెడుతోందో కూడా అడగండి.

వ్యవసాయం ఇళ్లలోంచి వచ్చిన పిల్లలకి మట్టి. వేసవిలో పొలాలు ఖాళీగా ఉంటాయి కాబట్టి మట్టి పరీక్షకి శాంపిల్ తీయడానికి ఇదే సమయం. ఒక పొలంలో అడ్డదిడ్డంగా ఎనిమిది, పది చోట్ల (గట్ల పక్కన, ఎరువు కుప్పలు పోసిన చోట, చెట్ల నీడలో వద్దు) ఇంగ్లిష్ వీ అక్షరం ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు తవ్వి, పక్క నుంచి మట్టి గీకి, అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలో మిగిలేదాకా చేయాలి. మీరు రైతుతో కలిసి చేస్తే ఆయనకి ఇంకెప్పుడూ ఎవరూ చెప్పక్కర్లేదు. ప్రశ్న మాత్రం ఇదీ: సాయిల్ హెల్త్ కార్డు (మట్టి పరీక్ష ఫలితం, ఏ ఎరువు ఎంత వేయాలో రాసిచ్చే కార్డు) ఉందా, ఉంటే అందులో చెప్పిన యూరియా ఎంత, మీరు ఎకరాకి వేసింది ఎన్ని బస్తాలు? యూరియా బస్తా 45 కిలోలు, అందులో నత్రజని 46 శాతం, అంటే బస్తాకి దాదాపు 20.7 కిలోలు. కార్డులో నత్రజని కిలోల్లో రాసి ఉంటే రైతుకి దాన్ని బస్తాల్లోకి మార్చి చెప్పడం కూడా సేవే.

జువాలజీ, హోమ్ సైన్స్ వాళ్లు రక్తహీనత తీసుకోవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. మీరు ఎవరి రక్తమూ తీయకూడదు, ఆ పని ఊళ్లో ఆరోగ్య కార్యకర్తగా ఉండే ఏఎన్ఎంది. మీరు అడగాల్సింది ఐరన్ మాత్రలు ఇచ్చారా, మింగుతున్నారా, మింగకపోతే ఎందుకు అని. కడుపులో తిప్పుతుంది, మలం నల్లగా వస్తోందని భయం, టీతో వేసుకున్నాం, ఇలాంటి జవాబులు వస్తాయి. ఆ జవాబుల జాబితా ఏఎన్ఎం చేతికిస్తే ఆవిడకి నిజంగా పనికొస్తుంది.

ప్రశ్నల కాగితం ఒక పేజీ, వెనకా ముందూ, అంతకు మించొద్దు. ముందు మీ ఇంట్లో అమ్మనో నాయనమ్మనో కూర్చోబెట్టి అడిగి చూడండి. ఆవిడకి అర్థం కాని ప్రశ్న ఊళ్లో ఎవరికీ అర్థం కాదు. "మీ వార్షిక ఆదాయం ఎంత" అంటే ఎవరూ నిజం చెప్పరు, రేషన్ కార్డు తీసేస్తారేమోనని భయపడతారు, వాళ్ల భయంలో న్యాయం ఉంది. "నెలలో ఎన్ని రోజులు పని దొరికింది, రోజుకి కూలి ఎంత" అని అడగండి. ఆధార్ నంబరు, ఖాతా నంబరు, ఓటీపీ వచ్చే ఫోన్ నంబరు అస్సలు అడగొద్దు, పాస్‌బుక్కు ఫొటో తీయొద్దు. పేరు కూడా అవసరం లేదు, మీ మ్యాపులో ఇంటికి మీరిచ్చిన నంబరు చాలు. ఫొటో తీయాలంటే అడిగి తీయండి, పిల్లల ఫొటోలైతే ఇంట్లో పెద్దవాళ్లని అడిగి.

వేళలు చూసుకోవాలి. మే నెల ఎండలో పదకొండింటికి బయలుదేరితే మీకూ వడదెబ్బే, ఇళ్లలోనూ ఎవరూ మాట్లాడరు. కూలి పనికి, ఉపాధి పనికి వెళ్లేవాళ్లు తెల్లవారకముందే పోతారు, కాబట్టి పొద్దున పూట మాత్రమే తిరిగితే మీ సర్వేలో ముసలివాళ్లు, ఉద్యోగస్తుల ఇళ్లే మిగులుతాయి. సాయంత్రం ఐదు తర్వాత వెళ్లండి, ఆడవాళ్లు వంట మొదలుపెట్టేలోపు. మంచినీళ్ల సీసా, గొడుగు, కాలేజీ ఐడీ, ప్రిన్సిపల్ సంతకంతో ఉన్న లెటరు దగ్గర ఉండాలి. ఇద్దరిద్దరుగా వెళ్లండి, ఆడపిల్లలు ఉన్న బ్యాచ్ అయితే ఏ వీధిలో ఉన్నారో మెంటర్‌కి మెసేజ్ పెడుతూ ఉండండి.

గడప దగ్గర మొదటి మాట చాలా ముఖ్యం. "సర్వే అండీ" అంటే ప్రభుత్వం నుంచి వచ్చారనుకుని పెన్షన్ గురించో, ఇంటి స్థలం గురించో అడుగుతారు, మీరు ఆశ పెట్టినవాళ్లవుతారు. "అక్కా, మేం ఫలానా కాలేజీలో డిగ్రీ చదువుతున్నాం, చదువులో భాగంగా నీళ్ల గురించి నాలుగు మాటలు అడగాలని వచ్చాం, మీ పేరు రాసుకోం, ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదు, దీనివల్ల పథకం ఏదీ రాదు, పోదు" అని ముందే చెప్పేయండి. పెద్దావిడైతే పెద్దమ్మా అనండి, మీ కంటే చిన్నవాళ్లయినా కులం చూసి, బట్టలు చూసి ఏకవచనంలోకి దిగొద్దు. ఇంట్లో మగవాళ్లే జవాబులు చెబుతుంటే నీళ్లు పట్టేది, బియ్యం తెచ్చేది ఎవరో వాళ్లనే అడుగుతామని మర్యాదగా అనండి. మంచినీళ్లు ఇస్తే తాగండి. ఏ వీధిలోనైనా సరే.

అవగాహన కార్యక్రమం అంటే ఫ్లెక్సీ కట్టి ర్యాలీ తీసి, సర్పంచ్ గారి చేత జెండా ఊపించడం అని స్థిరపడిపోయింది. నాకు దాని మీద నమ్మకం లేదు. జనం ఇప్పటికే కూర్చునే చోటికి మీరే వెళ్లండి. డ్వాక్రా సంఘం మీటింగు చివర పది నిమిషాలు అడిగితే ఇస్తారు. సాయంత్రం పాల కేంద్రం దగ్గర క్యూలో రైతులు ఖాళీగానే ఉంటారు. ఆ పది నిమిషాల్లో వాళ్ల ఊరి అంకెలే చెప్పండి, మీ సర్వేలో తేలినవి. "మన ఊళ్లో మేం చూసిన ఇళ్లలో ఇన్నింట్లో 436 కట్ అవుతోంది గానీ నామినీ ఎవరో తెలియదు" అంటే వింటారు, లేచి ఇంటికెళ్లి పాస్‌బుక్కు తీస్తారు. ఫోన్‌లో డబ్బులు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు, పిన్ కొట్టామంటే డబ్బులు పోతున్నట్టే, మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి అన్న మూడు ముక్కలు మాత్రం మీ టాపిక్ ఏదైనా సరే ప్రతి చోటా చెప్పి రండి.

గ్రామ సచివాలయంలో వాళ్లతో కలిసి పనిచేయడం కూడా ఇందులో భాగమే. అక్కడ అందరూ పని ఒత్తిడిలో ఉంటారు, మీరు వెళ్లి "సంతకం పెట్టండి సార్" అంటే విసుక్కోవడం సహజం. ఏదో ఒక పనిలో చెయ్యి వేయండి. అర్జీ రాయడం రాని పెద్దవాళ్లకి రాసిపెట్టండి, ఏఎన్ఎంతో పాటు ఇళ్లకి తిరగండి, అంగన్‌వాడీలో పిల్లల బరువు తూచేటప్పుడు రిజిస్టరులో ఎక్కించండి.

లాగ్‌బుక్ ఏ రోజుది ఆ రోజు రాత్రే రాయండి. నెల తర్వాత ఒకే పెన్నుతో ఒకే దస్తూరిలో కూర్చుని రాసింది చూడగానే తెలిసిపోతుంది. "సర్వే చేశాం" అని కాకుండా ఎన్ని ఇళ్లకి వెళ్లారు, ఎన్ని తలుపులు తాళం వేసి ఉన్నాయి, ఎవరు మాట్లాడనన్నారు, మీకు కొత్తగా తెలిసిందేంటి, అవి రాయండి. మాట్లాడనన్నవాళ్ల సంఖ్య దాచకండి, అది రిపోర్టులో ఉంటేనే మిగతా అంకెల మీద నమ్మకం కలుగుతుంది. గంటల విషయంలో భయపడేవాళ్లకి ఒక లెక్క: 60 ఇళ్లు, ఇంటికి 25 నిమిషాలు, అవే 25 గంటలు. నడక, తాళం వేసిన ఇళ్లకి మళ్లీ వెళ్లడం, రాత్రి అంకెలు ఎక్కించడం కలిపితే ఇంకా చాలా పడుతుంది. దానికి సచివాలయం పని, మీటింగులు, రిపోర్టు కలిస్తే 180 దొంగ లెక్కలేమీ లేకుండానే నిండుతాయి.

రిపోర్టులో గ్రామ చరిత్ర అని ఇంటర్నెట్ నుంచి పేజీలు పెట్టొద్దు. మీ ప్రశ్న, ఇళ్లు ఎలా ఎంచుకున్నారు, ఏం తేలింది, మీరేం చేశారు, ఏం చేయలేకపోయారు. అంతే. టేబుల్స్ రెండు మూడు చాలు. శాతాల పక్కన అసలు సంఖ్య ఉండాలి, పది ఇళ్లలో ఏడింటిని "70 శాతం ప్రజలు" అని రాస్తే చదివేవాళ్లు మోసపోతారు. సూచనల దగ్గర "ప్రభుత్వం చర్యలు తీసుకోవాలి" అని రాయకుండా ఫలానా వీధి కుళాయికి వాల్వ్ చూడాలి, ఫలానా పని ఫలానా ఉద్యోగి పరిధిలోది అని రాయండి. వైవాలో అడిగేవి కూడా ఇవే, ఊరు తిరిగినవాళ్లకి ప్రిపరేషన్ అక్కర్లేదు.

రిపోర్టు కాపీ ఒకటి స్థానిక పాలనకి ఇవ్వాలని మార్గదర్శకాల్లో ఉంది, చాలామంది కాలేజీలో ఇచ్చేసి ఆపేస్తారు. పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. దాంతోపాటు మీకు తేలినవి ఒకే పేజీలో పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి, అడిగి అనుమతి తీసుకుని, సచివాలయం బోర్డు మీద అంటించండి. జవాబులు చెప్పినవాళ్లకి తమ మాటలు ఏమయ్యాయో తెలియాలి కదా. మీరు అడగలేకపోయిన ప్రశ్నలు, కొలవలేకపోయిన వీధులు చివరి పేజీలో రాసి మ్యాపుతో సహా డిపార్ట్‌మెంట్‌లో ఇచ్చేయండి, వచ్చే ఏడాది బ్యాచ్ అదే ఊరికి వెళ్తే అక్కడి నుంచి మొదలుపెట్టుకుంటారు.